గుండ్రని లెన్స్, నాలుగు మూలల ఫొటో

మైలవరం దాటాక బస్సు దిగి కాస్త నడిస్తే మా హైస్కూలు. నేనక్కడ ఫిజిక్స్ చెబుతాను. విజయవాడ నుంచి రోజూ వెళ్ళొస్తాను. బస్సులో సీటు దొరికిన రోజు మేడం మంచిగా ఉంటుందనీ, దొరకని రోజు జాగ్రత్తగా ఉండాలనీ పిల్లలు చెప్పుకుంటారట. అది వట్టి పుకారు. సీటు దొరికిన రోజు కూడా నాకు కోపం వస్తుంది.

ఆ రోజు నిలబడే వెళ్ళాను. పదో తరగతిలో కటకాల పాఠం. తలుపు మూసి, ఒక్క కిటికీ తెరిచి, దానికి ఎదురుగా లెన్స్ పట్టుకుని వెనక తెల్ల అట్ట పెట్టాను. అట్ట మీద మా స్కూలు గేటు తలకిందులుగా పడింది. గేటు ముందు ఆగిన ఆటో చక్రాలు పైకెత్తుకుని పడింది. అది కదిలి వెళ్ళిపోతుంటే చుట్టూ మూగిన పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎన్నేళ్ళుగా చూపిస్తున్నా ఆ బొమ్మంటే నాకూ ముచ్చటే. బస్సు కోపం అప్పటికి పోయింది.

అందరి వెనక, అందరి తలల మీంచి చూస్తున్న ఒక అమ్మాయి ఉంది. క్లాసులో అందరికన్నా పొడుగు. నేను పొట్టిదాన్ని కాబట్టి ఆ పిల్లని తిట్టాలన్నా తల పైకెత్తాలి. ఎప్పుడూ నోరు విప్పని పిల్ల ఆ రోజు అడిగింది.

"మేడం, లెన్స్ గుండ్రంగా ఉంది, అట్ట మీద బొమ్మ కూడా గుండ్రంగానే పడింది కదండీ. మరి ఫొటో నాలుగు మూలలతో ఎందుకొచ్చిద్దండీ? గుండ్రంగానే వదిలేస్తే అంచులు కోసే పనే ఉండదు కదా."

క్లాసంతా గొల్లున నవ్వింది. ప్రశ్న చాలా మంచిది. ఆ నవ్వెందుకో మాత్రం నాకు అర్థం కాలేదు. "ఎందుకే ఆ ఇకిలింపు?" అన్నాను ముందు బెంచీ వాళ్ళతో.

"అది గ్రూప్ ఫొటోలో ఎప్పుడూ సగమే వచ్చిద్ది మేడం," అన్నారు.

నాకు జవాబు తెలియదని, కనుక్కుని చెబుతాననీ అన్నాను. ఆ పీరియడ్ అవగానే హెడ్‌మాస్టరు గారి గదిలోకి వెళ్ళాను. ఆ గదిలో మా స్కూలు గ్రూప్ ఫొటోలన్నీ గోడకి వరసగా ఉంటాయి. అన్నీ ఒకే సైజు ఫ్రేములు, పది బై పన్నెండు అంగుళాలు. ఏళ్ళ తరబడి ఆ గోడ కిందే కూర్చుని టీ తాగుతున్నాను. ఎప్పుడు చూసినా మధ్య కుర్చీలో నా మొహం ఎలా పడిందో చూసుకోవడమే గానీ అంచుల దాకా కళ్ళు పోలేదు. పోయాక ఇక మధ్యలో చూడలేకపోయాను. పోయినేడాది ఫొటోలో ఎడమ చివర ఒక భుజం, ఒక జడ. అంతకు ముందేడు ఒక చెవి, సగం చెంప. అదే అమ్మాయి. పొడుగు పిల్లల్ని వరస చివర నిలబెట్టడం మా అలవాటు. ఆ చివర ఎడమ పక్కా కుడి పక్కా ఎవరో ఒకరు తెగుతూనే ఉన్నారు. వింత ఏమిటంటే, వెలిసిపోయిన పాత బ్లాక్ అండ్ వైట్ ఫొటోల్లో మాత్రం ఒక్కరూ తెగలేదు.

ఆ వారమే తల్లిదండ్రుల మీటింగు. ఆ అమ్మాయి తల్లి వచ్చింది. మామిడి సీజన్లో తోటల్లో కాయలు ఏరుతుంది, మిగతా రోజుల్లో పొలం పని. మార్కుల గురించి చెప్పబోతుంటే ఆవిడ మధ్యలోనే అందుకుంది.

"మార్కుల సంగతి మీరు చూసుకుంటారు లెండమ్మా. ఫొటో సంగతి చూడండి. రెండేళ్ళ ఫొటోలూ ఇంట్లో కట్టించి పెట్టాను. వచ్చినోళ్ళకి ఈ జడ మా పిల్లదే అని చూపించుకుంటన్నాను. వచ్చే ఏడు ఇది కాలేజీకి పోయిద్ది. బడి ఫొటో ఇదే ఆఖరు. ఈసారన్నా మొహం పడేట్టు చూడండి, మీకు పుణ్యం ఉంటది."

పక్కనే నిలబడ్డ కూతురు నేల చూస్తూ, "ఆ రోజు నేను బడికి రాను మేడం," అంది. "ఎటూ సగమే కదా."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా తీరే అంత, నీళ్ళు తిరిగిన వెంటనే కోపం వస్తుంది. "రాకపోతే ఇంటికొచ్చి చెవి పట్టుకుని లాక్కొస్తా," అన్నాను. తల్లి నవ్వింది. పిల్ల నవ్వలేదు.

మా స్కూలు ఫొటోలు తీసేది గవర్నర్‌పేటలో స్టూడియో ఉన్న ఒక ముస్లిం ఫొటోగ్రాఫర్. అందరూ భాయ్ అంటారు, నేనూ అంతే. పెళ్ళిళ్ళ సీజన్లో ఆయన్ని పట్టుకోవడం కలెక్టర్ని పట్టుకోవడం కన్నా కష్టం. శనివారం సాయంత్రం బస్సు దిగి నేరుగా స్టూడియోకి వెళ్ళి, కూర్చోకుండానే మొదలుపెట్టాను.

"మా పిల్లల్ని ఎందుకు కోస్తున్నారు భాయ్?"

"నేను కోయడమేంటి మేడం గారూ!" ఆయన ఉలిక్కిపడి కంప్యూటర్లో పోయినేడాది ఫొటో తెరిచారు. చూస్తే అందులో ఆ అమ్మాయి నిండుగా ఉంది. తలలో పువ్వులతో సహా. ఒకసారి చూసి నమ్మలేక దగ్గరికి వంగాను. పిల్ల ఫొటోలో పడింది, గోడ మీదికి వచ్చేలోపు ఎక్కడో పోయింది.

ఎక్కడ పోయిందో తేలడానికి చాలాసేపు పట్టింది. భాయ్ కెమెరాలో బొమ్మ పట్టే చిప్పు వెడల్పు మూడు వంతులైతే ఎత్తు రెండు వంతులు. మా ఫ్రేము పన్నెండుకి పది. అంటే ఇంచుమించు చతురస్రం. అంత వెడల్పు బొమ్మని ఇంత ఇరుకు కాగితంలో పెట్టాలంటే రెండే దారులు. పైనా కిందా తెల్లగా వదిలేయాలి, లేదా రెండు పక్కలా కోసేయాలి. కోసింది ప్రింట్లు వేసే ల్యాబు. ఎందుకు కోసిందయ్యా అంటే, మా స్కూలు నుంచి వెళ్ళే ఆర్డరు మీద ప్రతి ఏడూ ఒక మాట ఉంటుంది: "ఫుల్ ఫొటో కావలెను."

"ల్యాబులో ఫుల్ అంటే కాగితం ఫుల్లు మేడం," అన్నారు భాయ్. "ఒక్క తెల్ల గీత కూడా కనపడకూడదని. మీరే రాశారు కదా అని వాళ్ళు కోశారు."

సోమవారం హెడ్‌మాస్టరు గారిని అడిగాను. ఆయన ఆశ్చర్యపోయారు. "ఫుల్ అని రాసింది అందరూ ఫుల్లుగా పడాలనే కదండీ! ఎవరూ తెగకూడదనే నేను ప్రతి ఏడూ జాగ్రత్తగా రాసేది!"

అంటే ఆయన ఎవరినీ కోయకండని రాసిన మాటే పిల్లల్ని కోసింది. ఎవరి మీద కోప్పడాలో తెలియక నేను కాసేపు ఫ్యాను మీద కోప్పడ్డాను, అది తిరగడం లేదని. తిలాపాపం తలా పిడికెడు. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. పిల్ల మాత్రం సగమే మిగిలింది.

సరే, ఆ చిప్పు మూడుకి రెండే ఎందుకుంది? భాయ్‌ని అడిగితే, "మా నాన్నగారి ఫిల్ము కెమెరాలోనూ ఇదే కొలత, ఇప్పుడూ ఇదే. ఎందుకో ఎవరడిగారు మేడం?" అన్నారు. నేను పట్టుకుంటే వదిలే రకం కాదు. ఇంట్లో వంట మానేసి చదివాను, భర్త ఉప్మాతో సరిపెట్టుకున్నాడు. చివరికి దొరికిన సంగతి కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు చిన్నదే గానీ, ఎలుక ముద్దుగా ఉంది. తెల్లారే క్లాసులో చెప్పకుండా ఉండలేకపోయాను.

నాలుగుకి మూడు కొలతలో ఒకేలాంటి రెండు అట్ట ముక్కలు కోసి తీసుకెళ్ళాను. "మొదట్లో సినిమా రీలు మీద బొమ్మ ఇలా ఉండేది," అని ఒకటి చూపించాను. రీలు కెమెరాలో నిలువుగా, పై నుంచి కిందికి నడిచేది. తర్వాతెవరో అదే రీలుని చిన్న ఫొటో కెమెరాలో అడ్డంగా పడుకోబెట్టారు. రెండు సినిమా బొమ్మలు పట్టే చోటంతా ఒక్క ఫొటోకి ఇచ్చారు. రెండో అట్టని మొదటిదాని పొడుగు అంచుకి ఆనించి పెట్టి కొలవమన్నాను. ముందు బెంచీ అమ్మాయి కొలిచి, "మూడుకి రెండు మేడం!" అని అరిచింది. ఫిల్ము పోయి చిప్పు వచ్చాక కూడా, ఉన్న లెన్సులన్నీ పనికిరావాలని ఆ కొలతనే ఉంచేశారు. ఫోన్లలో ఉండే చిప్పులు ఎక్కువగా పాత టీవీ తెర కొలతలో, నాలుగుకి మూడుగా మిగిలాయి.

"మరి గుండ్రంగా ఎందుకు చేయరండీ?" పొడుగు పిల్ల తన ప్రశ్న వదల్లేదు. ఆ పట్టుదల నాకు నచ్చింది.

దానికి నేను వేరే ఏర్పాటుతో వచ్చాను. స్టీలు పళ్ళెం నిండా మైసూర్‌పాక్. నా మైసూర్‌పాక్‌తో గోడ కట్టొచ్చని మా ఇంట్లో వాళ్ళు అంటారు. ఆ రోజు మాత్రం పాకం కుదిరింది, ఒకచోట కాస్త మాడింది, అంతే. చిప్పులు కూడా ఇలాగే ఒక గుండ్రని పలక మీద తయారవుతాయని చెప్పి, కత్తి ఆ అమ్మాయి చేతికిచ్చాను. "గుండ్రని ముక్కలు కోయి చూద్దాం."

రెండు గుండ్రాలు కోసేసరికి మధ్యలో ఎటూ కాని ముక్కలు మిగిలాయి. కత్తి తిప్పలేక చేయి నొప్పి పుట్టింది. "నిలువుగా అడ్డంగా గీతలు లాగితే ఒక్క నిమిషంలో అయిపోద్ది మేడం," అంది. లాగింది. అయిపోయింది. చిప్పులు కోసేవాళ్ళదీ అదే లెక్క. పైగా చిప్పు మీద వెలుగుని వరస తర్వాత వరసగా చదువుకుంటూ పోవాలి, నేను హాజరు పిలిచినట్టు. వరసలన్నీ ఒకే పొడుగుంటే సుళువు. పెద్ద ముక్కలు కోస్తే పళ్ళేనికి కొన్నే వస్తాయి, పళ్ళెం అంచున వృథా ఎక్కువ. మాడిన మచ్చ ఒక పెద్ద ముక్కలో పడితే ఆ ముక్కంతా పోయినట్టే. అందుకే పెద్ద చిప్పున్న కెమెరా ఖరీదు. ఈ సంగతి నేను చెప్పేలోపే అంచు ముక్కలన్నీ మాయమయ్యాయి. మా క్లాసులో వృథా అనేది ఉండదు.

"ఇంకా సంగతుంది," అన్నాను. "లెన్స్ వేసే గుండ్రని బొమ్మలో ఎంత పెద్ద నాలుగు మూలల ముక్క తీసినా చుట్టూ కొంత పోవాల్సిందే. చతురస్రం తీస్తే కాస్త తక్కువ పోతుంది, వెడల్పుగా తీస్తే కాస్త ఎక్కువ. ఆ తర్వాత కాగితం మీదికి ఎక్కించేటప్పుడు కాగితం కొలత వేరైతే మళ్ళీ కొంత పోతుంది. పాత రోజుల్లో పెద్ద కెమెరాలూ కాగితమూ ఇంచుమించు ఒకే కొలతలో ఉండేవి. అందుకే పాత ఫొటోల్లో ఎవరూ తెగలేదు."

పొడుగు పిల్ల చేతిలో కత్తితో అలాగే నిలబడి ఆలోచించింది. "అయితే ఏదో ఒకటి తెగాల్సిందేనన్నమాట."

"తెగాల్సిందే. ఏది తెగాలో మనం చెప్పొచ్చు."

ఆ మాట నోట్లోంచి వచ్చాక నాకే తట్టింది ఏం చేయాలో.

కొత్త కొలత ఫ్రేము కట్టిద్దామని హెడ్‌మాస్టరు గారితో ముందే వాదించి ఓడిపోయాను. గోడ మీద వరస చెడిపోతుందన్నారు. పైనా కిందా తెల్ల పట్టీలు వదలడానికీ ఒప్పుకోలేదు, "ఫొటోకి పంచె కట్టినట్టుంటుందండీ" అన్నారు. నాకు నవ్వొచ్చి, వాదన అక్కడే వదిలేశాను. ఆయన ఫ్రేము ఆయనకి ఉంటుంది, ఆయన "ఫుల్" ఆయనకి ఉంటుంది, ల్యాబు కోత ల్యాబుకి ఉంటుంది. మారాల్సింది మేము నిలబడే తీరు.

ఫొటో రోజు ఉదయం ముందుగా వెతికింది ఆ పిల్ల కోసమే. ప్రార్థనలో లేదు.  ఇంటికెళ్ళి చెవి పట్టుకుని లాక్కొస్తానన్న మాట నిజం చేద్దామని హెడ్‌మాస్టరు గారి అనుమతి కూడా అడిగేశాను. అంతలో గేటు దగ్గర కనిపించింది, ఉతికి ఇస్త్రీ చేసిన యూనిఫాంలో, మూతి ముడుచుకుని. వెనకే వాళ్ళమ్మ. కూతురు దారిలో వెనక్కి తిరగకుండా కాపలా వచ్చిందట. పిల్లని గేటు లోపలికి తోసి, పనికి వెళ్ళిపోయింది.

భాయ్ కెమెరా స్టాండు మీద పెట్టగానే నేను నల్ల టేపు తీసి, కెమెరా వెనక తెర మీద ఎడమ పక్కా కుడి పక్కా లెక్క ప్రకారం ఒక్కో పట్టీ అంటించాను. ల్యాబులో ఎంత కోత పడుతుందో అంత మేర కప్పేశానన్నమాట.

"ఏంటి మేడం గారూ, లక్షణంగా ఉన్న కెమెరాకి దెబ్బ తగిలినట్టు కట్టు కట్టారు!" అన్నారు భాయ్.

"ఆ పట్టీల వెనక ఉన్నదంతా పోతుంది. మధ్యలో ఉన్నదే మన ఫొటో. అందులో అందరూ పట్టాలి."

"రెండు పక్కలా ఇంత ఖాళీ వదిలితే నా పేరు పోద్దండీ. స్టేజీ నిండుగా లేకపోతే పెళ్ళివాళ్ళు ఊరుకోరు."

"ఇది పెళ్ళి కాదు భాయ్."

ఆయన గొణుక్కుంటూ తెరలో చూశారు. ఇద్దరమ్మాయిలు ముగ్గు పిండి డబ్బాతో మైదానంలో నిలబడ్డారు. భాయ్ "ఇంకా, ఇంకా, ఆగమ్మా" అంటుంటే, తెర మీద పట్టీ అంచు తగిలిన చోటల్లా చుక్క పెట్టారు. చుక్కలు కలిపితే కెమెరా దగ్గర్నుంచి విచ్చుకుంటూ పోయే రెండు ముగ్గు గీతలొచ్చాయి. గీతలు వంకర లేకుండా వచ్చాయి, ఆ విషయంలో మా పిల్లల ముందు ఏ ఇంజనీరూ పనికిరాడు. భాయ్ అప్పటికి నవ్వేశారు. "ఇన్నేళ్ళలో నాకు ముగ్గేసి పిలిచిన స్కూలు ఇదొక్కటే."

గీతల మధ్య చోటు ఇరుకు. మూడు వరసలు చాలవు. వరండా మెట్లు, బెంచీలు కలిపి ఇంకో వరస పెంచాం. కెమెరా వెనక్కి జరగాల్సి వచ్చింది, ముగ్గు ఈసారి మెట్ల మీద దాకా మళ్ళీ వేయాల్సి వచ్చింది. మొహాలు చిన్నవైపోతాయని హెడ్‌మాస్టరు గారు బెంగపడ్డారు. "చిన్నవైతే అయ్యాయి, ఉంటాయి కదండీ," అన్నాను.

పొడుగు పిల్లని వెనక వరస నట్టనడుమ నిలబెట్టాను. ఇంక భూకంపం వచ్చినా తెగదు. నా పని అయిపోయిందని కుర్చీ వైపు నడుస్తుంటే వెనక నుంచి పిలిచింది.

"మేడం, నేను చివర నిలబడతానండీ."

"నీకేమన్నా పిచ్చా?"

"మధ్యలో నిలబడితే ఎప్పుడైనా పడతాను కదండీ. గీత కరెక్టుగా ఉంటే చివర కూడా పడాలి." అప్పటికే పక్కకి ఒక అడుగు వేసి, "చివర ఎటూ ఎవరో ఒకళ్ళు నిలబడాలి," అంది.

నాకు భయమేసింది. టేపు అంటించింది నేను, లెక్క వేసింది నేను. ఒక్క వేలెడు తప్పినా ఈ పిల్ల ఆఖరి ఫొటోలో మళ్ళీ సగమే. వద్దందామనుకున్నాను. కానీ లెక్క నేర్పింది నేనే. నా లెక్క నేనే నమ్మకపోతే ఇంక పిల్లలకి ఏం చెబుతాను? "గీత లోపలే ఉండు," అన్నాను. ఎడమ చివరికి వెళ్ళి, చెప్పు అంచు ముగ్గుకి తగిలీ తగలనట్టు పెట్టుకుని నిటారుగా నిలబడింది. ఫొటో తీసినంతసేపూ నేను కెమెరా వైపు చూడనే లేదట. తల తిప్పి గీత వైపే చూస్తున్నానట. భాయ్ రెండుసార్లు నా మీద అరవాల్సి వచ్చింది.

హెడ్‌మాస్టరు గారు ఆర్డరు మీద ఎప్పటిలాగే "ఫుల్ ఫొటో కావలెను" అని రాశారు. నేను అడ్డం చెప్పలేదు. ప్రింటు వచ్చేదాకా మాత్రం నాకు బస్సులో సీటు దొరికినా ఒకటే, దొరక్కపోయినా ఒకటే.

ఒక మధ్యాహ్నం భాయ్ స్వయంగా ఫ్రేము కట్టించిన ఫొటో, పిల్లల కాపీలు తెచ్చారు. కవరు విప్పే ధైర్యం లేక ఆ అమ్మాయిని పిలిపించి చేతికిచ్చాను. ఆ పిల్ల నట్టనడుమ ఉన్న నన్ను చూడలేదు, స్నేహితుల్ని చూడలేదు. కళ్ళు నేరుగా ఎడమ అంచుకి వెళ్ళాయి. అక్కడ నిండు మనిషి ఉంది. రెండు జడలు, రెండు చెవులు, రెండు భుజాలు, ముడుచుకున్న మూతి కూడా ఉంది. ఆ పక్కన వేలెడు వెడల్పున మా స్కూలు గోడ, గోడ మీద రాసిన సూక్తిలో సగం అక్షరాలు. మిగతా అక్షరాలు ల్యాబులో పోయాయి.

చాలాసేపు చూసింది. తర్వాత ఆ మూతి నవ్వుతో విడింది.

"ఈసారి తెగింది గోడేనండీ," అంది.

తన కాపీ తీసుకోమన్నాను. కాపీ గుండెకి హత్తుకుని గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. వాళ్ళమ్మ దగ్గర్లోనే ఎవరి తోటలోనో పనిలో ఉందట, బెల్లు కొట్టేదాకా ఆగలేనని, ఇప్పుడే చూపించి వస్తానని అడిగింది. ఆ పీరియడ్ నాదే, పరీక్షలు దగ్గర పడ్డాయి, పాఠం మిగిలి ఉంది. పొమ్మన్నాను.